సేన్ ఒడ్డున మా తాతయ్య తద్దినం

తెనాలివాళ్ళకి ఒక జబ్బుంది. ఊరి మధ్యలోంచి మూడు కాలవలు పారతాయనీ, వీధికో నాటక సమాజమూ సందుకో కాఫీ హోటలూ ఉన్నాయనీ, అందుకే తమ ఊరిని ఆంధ్రా పారిస్ అంటారనీ అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతారు. అసలు పారిస్‌లో ఎవరైనా తమ ఊరిని ఫ్రెంచి తెనాలి అనుకుంటున్నారేమో కనుక్కున్నవాడు మాత్రం లేడు. నేను వెళ్ళి కనుక్కున్నాను. అనుకోవడం లేదు.

మా నాన్నకి ఆ జబ్బు బాగా ముదిరింది. ఆయన పుట్టింది తెనాలిలో, ఉద్యోగం బాపట్లలో. వ్యవసాయం చదివే కుర్రాళ్ళకి నేలల గురించి పాఠాలు చెప్పేవాడు. ఇంటికొచ్చాకా పాఠాలే. అన్నంలో నెయ్యి ఎప్పుడు వేసుకోవాలన్న దగ్గర్నుంచి గ్రహణం ఎందుకు పడుతుందన్న దాకా ఆయనకి తెలియని విషయం లేదు. దేవుడు లేడని ఆయనకి తెలుసు. తిథులూ వర్జ్యాలూ పనీపాటా లేనివాళ్ళు రాసిపెట్టినవని తెలుసు. మా అమ్మకి ఏమీ తెలియదన్న సంగతి అన్నిటికన్నా బాగా తెలుసు.

డెబ్బైల మొదట్లో ఆయన్ని ఆరు నెలల చదువుకని ఫ్రాన్సు పంపారు. దక్షిణాన ఏదో చిన్న ఊళ్ళో ఉండి మట్టి చూసుకునేవాడు. నాలుగో నెలలో ఉత్తరం వచ్చింది. చదువు అయిపోయేవేళకి మేమంతా అక్కడికి వెళ్ళాలట, వారం రోజులు పారిస్ చూసి అందరం కలిసి తిరిగి రావాలట, ఆంధ్రా పారిస్‌లో పుట్టినవాడు అసలు పారిస్‌ని కుటుంబసమేతంగా చూడకపోతే ఆ జన్మ ఎందుకట. అందరం అంటే మా అమ్మ, ఇరవయ్యేళ్ళ మా అన్నయ్య, పదిహేడేళ్ళ నేను. టిక్కెట్లకి అమృతలూరులో మా అమ్మకి వాళ్ళ నాన్న ఇచ్చిన పొలం అమ్మించాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. మా ఇంట్లో మామ పొలం మీద అల్లుడు విమానం ఎక్కించాడు.

పొలం అమ్మడానికి మా అమ్మ మారు మాట్లాడలేదు. ఒక్క షరతు పెట్టింది. మేం పారిస్‌లో ఉండే వారంలోనే, ఆషాఢ బహుళ దశమినాడు, మా తాతయ్య తద్దినం వస్తోంది. అది అక్కడైనా సరే జరగాలి.

మా అమ్మ ఒక్కతే కూతురు. అన్నదమ్ముల్లేరు. కొడుకుల్లేని మనిషికి కూతురి కొడుకు తద్దినం పెట్టవచ్చు కాబట్టి, తాతయ్య పోయిన ఏడాది నుంచీ మా అన్నయ్యే పెడుతున్నాడు. ఎనిమిదేళ్ళుగా ప్రతి ఆషాఢంలోనూ మా అమ్మ వాణ్ణి వెంటబెట్టుకుని బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగి, అక్కణ్ణించి బస్సులో అమృతలూరు తీసుకుపోయేది. ఎండైనా వానైనా ఒక్క ఏడు మానలేదు. తంతు జరుగుతున్నంతసేపూ ఆడది గనక ఆవిణ్ణి గుమ్మం అవతలే నిలబెట్టేవాళ్ళు. వాడు మొహం ముడుచుకుని పెట్టేవాడు. అయినా పెట్టేవాడు.

మా నాన్న ఉత్తరంలో సరేనన్నాడు. "తప్పకుండా జరిపిద్దాం, నాదీ పూచీ" అని కింద గీత కూడా గీశాడు. ఆ కాగితాన్ని మా అమ్మ మడిచి పెట్టెలో పెట్టుకుంది. నాకు అప్పుడే నవ్వొచ్చింది. మా నాన్న గీత గీసిన మాటలు మా ఇంట్లో చాలా ఉన్నాయి.

అమృతలూరు పురోహితుడి దగ్గరికి అమ్మతో నేనూ వెళ్ళాను. ఆయన ముక్కుపొడి పీల్చి కాసేపు ఆలోచించాడు.

"అక్కడ నది దొరుకుతుందా అమ్మా?" అన్నాడు.

"ఊరి మధ్యలోంచే పారుతుందటండి."

"అయితే మరేం ఫర్వాలేదు. వంటలూ భోక్తలూ అక్కడెలాగూ కుదరవు. అబ్బాయిచేత నది ఒడ్డున నువ్వులూ నీళ్ళూ వదిలించండి. పరగడుపున చెయ్యాలి సుమండీ. మంత్రం నేను తెలుగులో రాసిస్తా, పక్కన ఎవరో ఒకరు చదివితే వాడు అంటాడు. ఆ నది పేరు నాకు తెలీదు గనక అక్కడ ఖాళీ వదిలేస్తున్నా. ఎవర్నైనా అడిగి రాసుకోండి."

నలభై పేజీల నోటుపుస్తకంలో రాసిచ్చాడు. దాంతోపాటు మా అమ్మ పాతికేళ్ళ సంసారం చేసిన చేత్తో మూట కట్టింది. నల్లనువ్వులు, దర్భలు, రాగి చెంబు, పంచాంగంలోంచి ఆ నెల కాగితం. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఇదేం మూటే అనుకున్నాను. నేను అప్పటికి బాపట్లలో కాలేజీలో చేరాను. కాలేజీలో చేరిన ఆడపిల్లకి తల్లి చేసేదంతా సిగ్గుగా ఉంటుంది. అవతల విమానాశ్రయంలో టోపీవాడొకడు ఆ నువ్వుల్ని వేళ్ళతో నలిపి, వాసన చూసి, ఇంకొకణ్ణి పిలిచి వాడిచేతా వాసన చూపిస్తుంటే, నేను ఆవిడెవరో నాకు తెలియనట్టు నాలుగడుగులు దూరంగా నిలబడ్డాను. ఇప్పుడు చెప్పుకుంటే నోరు చేదవుతుంది. కానీ నిలబడ్డాను.

సోమవారం మా నాన్న ఉండే ఊళ్ళో రైలెక్కి రాత్రికి పారిస్ చేరాం. స్టేషను పక్కనే నాలుగో అంతస్తులో రెండు గదులు. మెట్లు ఎక్కేసరికి మా అమ్మకి ఆయాసం. మా నాన్న మాత్రం ఆ ఊరు ఆయనే కట్టించినట్టు కిటికీ తెరిచి చెయ్యి చాపి, "చూడండి!" అన్నాడు. చూశాం. ఎదురింటివాడు బనీను ఆరేస్తున్నాడు.

మంగళవారం పొద్దున నది చూపించాడు. సేన్ నది. రేపల్లె పక్కన పెనుమూడి రేవులో కృష్ణని చూసినవాళ్ళు ఎవరైనా సరే ఆ నదిని చూసి మర్యాదకి కూడా ఆశ్చర్యపోలేరు. రేవులో ఇవతల ఒడ్డున పడవెక్కితే అవతలి ఒడ్డున ఉన్నది మనిషో గేదో తెలియదు. ఇక్కడ అవతలి ఒడ్డున కూచున్నవాడు పేపర్లో ఏ పేజీ చదువుతున్నాడో కనబడుతోంది. రెండు పక్కలా రాతి గోడ కట్టి, ప్రతి ఫర్లాంగుకీ ఓ వంతెన వేసి, దానికి బొమ్మలు చెక్కారు.

"ఇదేంటండీ, మన తెనాలి కాలవలాగే ఉందే! కాస్త వెడల్పు చేశారంతే" అంది మా అమ్మ.

ఆంధ్రా పారిస్ అని ముప్పయ్యేళ్ళుగా ఊదరగొట్టిన మనిషి ఆ మాటకి సంతోషించాలి కదా. సంతోషించలేదు. "నీకు చరిత్ర తెలీదు" అన్నాడు. మా అమ్మ మాత్రం నోటుపుస్తకంలో ఖాళీ వదిలిన చోట నాచేత పెన్సిలుతో నది పేరు రాయించుకుంది. గట్టు దిగే మెట్లు ఎక్కడున్నాయో, నీళ్ళు చేతికి అందేది ఎక్కడో చూసిపెట్టుకుంది. మేం ముగ్గురం వంతెనలు చూస్తుంటే ఆవిడ రేవు చూసుకుంది.

ఇక ఊరు చూడటం అంటే ఏంటో చెప్తాను. మా నాన్న చేతిలో ఓ జాబితా. దాంట్లో ఉన్నవన్నీ చూసి ఒక్కోదాని పక్కనా టిక్కు పెట్టాలి. నది మధ్య లంకలో ఉన్న పెద్ద చర్చి, టిక్కు. ఎవరో రాజు తల నరికిన చోటు, టిక్కు. ఆ చోట ఇప్పుడేమీ లేదు, మోటార్లు తిరుగుతున్నాయి. అయినా పావుగంట నిలబెట్టి తల ఎలా నరికారో చెప్పాడు. మా అమ్మ చీర కింద సాక్సులు తొడుక్కుని, చెప్పుల్లో కాళ్ళు జారుతుంటే వెనక నడిచేది. ఆకలేస్తే బల్ల మీద కూచుని అటుకులూ ఆవకాయా. అన్నయ్య ఆ బల్లకి ఇటు తిరిగి కూచునేవాడు కాదు, మేం వాడికి ఏమీ కానట్టు అటు తిరిగి రొట్టె తినేవాడు. విహారయాత్ర! పొలం కోతలప్పుడు కూలీలు ఇంతకన్నా కులాసాగా ఉంటారు.

బుధవారం మ్యూజియం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బొమ్మలు. నవ్వీ నవ్వని ఒకావిడ పటం ముందు జనం తిరణాలలోలా తొక్కుకుంటున్నారు. మా నాన్న అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటప్పుడు నిలబడి, ఆ నవ్వులో ఉన్న గొప్పతనమేంటో మాకు చెప్పాడు. గంటన్నర చెప్పాడు. ఇంట్లో పాతికేళ్ళుగా ఒకావిడ అలాగే నవ్వీ నవ్వక తిరుగుతోంది, ఆ మొహం వంక ఆయన గంటన్నర చూసిన పాపాన పోలేదు.

ఆ రాత్రే మా అమ్మ పంచాంగం కాగితం తీసి నాచేత మళ్ళీ చదివించుకుంది. దశమి గురువారం సాయంత్రం నాలుగున్నర దాకా ఉంది. తద్దినానికి మధ్యాహ్నం వేళ తిథి ఉండాలి కాబట్టి రేపే. "అన్నయ్యకి చెప్పు, పొద్దున్న ఏమీ తినొద్దని" అంది. చెప్పాను. ఊఁ అన్నాడు.

గురువారం తెల్లారేసరికి మా అమ్మ చన్నీళ్ళ స్నానం చేసి, వేరే చీర కట్టుకుని, మూట ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూచుంది. మధ్యాహ్నం దాకా పని లేకపోయినా అలా కూచుంది. తొమ్మిది కావస్తుండగా మా నాన్నా అన్నయ్యా కింది నుంచి పైకొచ్చారు. మా నాన్న తల నున్నగా దువ్వి, జాబితా చేత్తో పట్టుకుని తయారుగా ఉన్నాడు.

"లేవండి లేవండి, ఇవాళ టవరు" అన్నాడు.

"ఇవాళ తద్దినం కదండీ" అంది అమ్మ.

ఆయన నవ్వాడు. పిల్లలు బోర్డు మీద తప్పు లెక్క చేస్తే మేష్టార్లు నవ్వే నవ్వు. "అది నిన్ననే అయిపోయింది" అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. అప్పుడాయన కుర్చీ లాక్కుని కూచుని విడమరిచి చెప్పాడు. పంచాంగంలో రాసిన నాలుగున్నర మన దేశపు గంట. ఇక్కడి గడియారం మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. అంటే ఈ ఊళ్ళో దశమి ఇవాళ పన్నెండుకే వెళ్ళిపోతుంది. మధ్యాహ్నానికి ఏకాదశి వచ్చేస్తుంది. ఈ ఊళ్ళో మధ్యాహ్నం పూట దశమి ఉన్నది నిన్న. "కాబట్టి, నీ శాస్త్రం ప్రకారమే, తద్దినం నిన్న. నిన్న మనం మ్యూజియంలో ఉన్నాం. దాటిపోయింది. ఇహ ఏం చేస్తాం?" అని చేతులు దులిపేసుకున్నాడు.

తిథుల్ని నమ్మని మనిషి తిథిని అంత నిక్కచ్చిగా లెక్కకట్టడం నేను అదే చూడటం.

"అయ్యో, నిన్న తెలిస్తే ఎంత బావుండేదండీ" అంది మా అమ్మ. ఆ క్షణం దాకా ఆవిడ ఆయన్ని అనుమానించలేదు. తనకే తెలియలేదని, తన తెలివితక్కువతనమేనని అనుకుంటోంది. మొహం పాలిపోయింది.

అప్పుడు మా అన్నయ్య, వాడికి నోట్లో నువ్వుగింజ నానదు, తండ్రి తెలివికి మురిసిపోతూ, "నాన్న సోమవారం రైల్లోనే లెక్కేసేశారమ్మా. డైరీలో బొమ్మ గీసి నాకు చూపించారు కూడా" అన్నాడు.

మా అమ్మ నాన్న వంక చూసింది.

"సోమవారమే తెలుసా మీకు?"

"తెలిస్తే? నీకు చెబితే బుధవారం కాస్తా పోయేది. మ్యూజియం మళ్ళీ ఎప్పుడు చూస్తాం? ఏదో ఇవాళ చేసేసి తృప్తిపడతావులే అని ఊరుకున్నా. తీరా మధ్యాహ్నం చేద్దామంటావు, టవరెక్కి మధ్యాహ్నానికల్లా తిరిగి రాలేం. అయినా పోయినవాళ్ళకి నిన్నైతేనేం, ఇవాళైతేనేం? వాళ్ళేమైనా కాచుక్కూచున్నారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత మోసమా! అది కూడా ఆవిడ తండ్రి పొలం అమ్మిన టిక్కెట్టు మీద వచ్చి! "పోయినవాళ్ళకి ఎప్పుడైనా ఒకటే అయితే ఆ లెక్క ఎందుకు కట్టారు నాన్నా? నమ్మనివాళ్ళు నోరు మూసుక్కూచోవచ్చుగా!" అన్నాను. అలా ఆయనతో మాట్లాడటం అదే మొదలు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నాడాయన.

"కందకీ ఉందండి" అంది మా అమ్మ.

మెల్లిగానే అంది. కానీ ఆ గదిలో ఆ మాట ఎవరూ ఎదురుచూడలేదు. మా నాన్న జాబితా మడతపెట్టి మళ్ళీ విప్పాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఇప్పుడు అమృతలూర్లో ఎంతైంది?"

వేళ్ళ మీద లెక్కపెట్టాను. "ఒకటిన్నరమ్మా."

"దశమి ఉందా అక్కడ?"

"ఉంది. ఇంకో మూడు గంటలుంది."

"మా నాన్న పోయింది అమృతలూర్లో. ఈ ఊళ్ళో కాదు. ఆయన పోయిన వేళ ఆ ఊరి వేళే. అక్కడ ఇది సరిగ్గా విస్తరి వేసే సమయం" అని, అన్నయ్యతో, "లే నాయనా. స్నానం చేసిరా. నది పక్కనే, పది నిమిషాల్లో వెళ్ళిపోదాం. అయ్యాక మీ టవరుకెళ్ళు, నేను వద్దనను" అంది.

అన్నయ్య కదల్లేదు. బూట్ల వంక చూసుకున్నాడు.

"నేను తినేశానమ్మా" అన్నాడు.

"ఏం తిన్నావు?"

వాడు నాన్న వంక చూశాడు. నాన్న కిటికీ వంక చూశాడు.

"కింద... గుడ్డు" అన్నాడు వాడు.

తద్దినం పెట్టాల్సినవాడు పొద్దున్నే గుడ్డు తిన్నాడు! తండ్రి పక్కన కూచోబెట్టుకుని తినిపించాడు! తినొద్దని రాత్రి నేనే చెప్పాను, ఊఁ అన్నాడు. ఇంకేం పెడతాడు, ఇంకేం వదుల్తాడు! నేను తిడదామని నోరు తెరిచేలోపు మా అమ్మ చెయ్యెత్తి వద్దంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ కిందపడలేదు.

"సరే, ఆ గొడవా వదిలింది" అని లేచాడు మా నాన్న. నిజంగా ఆ మాటే అన్నాడు. "పదండి, అక్కడ వరస పెరుగుతుంది."

మేం కదల్లేదు. ఆయన గుమ్మం దగ్గర ఒక నిమిషం నిలబడి, "సరే, మీ ఇష్టం. సాయంత్రానికి వచ్చేస్తాం. ఏడుపు మొహాలు పెట్టుకుని కూచోకండి" అని అన్నయ్యని తీసుకుని వెళ్ళిపోయాడు. నాలుగంతస్తుల మెట్లూ వాళ్ళ బూట్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయన దిగుతూ దిగుతూ ఆ టవరు ఎత్తెంతో వాడికి చెబుతున్నాడు.

మా అమ్మ మూట మీద చెయ్యేసి కూచుంది. గడియారం తొమ్మిదింబావు చూపిస్తోంది. పన్నెండుకి అంతా అయిపోతుంది. అంత పెద్ద ఊళ్ళో మాకు తెలిసిన మగవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరూ ఇనుప బొమ్మ ఎక్కడానికి పోయారు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి తాతయ్యకి నీళ్ళు అందవు. ఆవిడ ఆలోచిస్తున్నది అదేనని నాకు తెలుస్తోంది. ఏం చెప్పి ఓదార్చాలో మాత్రం తెలియలేదు. ఓదార్చడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

ఉన్నట్టుండి లేచింది. "పద" అంది.

"ఎక్కడికి?"

"నదికి."

"ఎవరు చేస్తారమ్మా?"

"నేను."

"ఆడవాళ్ళు చెయ్యకూడదుగా?" అన్నాను.

అన్నది నేనే. నువ్వుల మూట చూసి సిగ్గుపడినదాన్ని, పురోహితుడి ముక్కుపొడిని వెక్కిరించినదాన్ని, కాలేజీ పిల్లని. శాస్త్రం మా నాన్నకే కాదు, నాకూ కావలసినప్పుడు గుర్తొస్తుందని తెలిసింది.

"చెయ్యకూడదు. మానకూడదు కూడాను. రెంట్లో ఏది పెద్ద తప్పో నాకు తెలీదు. పుస్తకం తీసుకో" అంది మా అమ్మ.

ఆవిడ మంగళవారం చూసిపెట్టుకున్న మెట్లు స్టేషనుకి పది నిమిషాల దూరంలో ఉన్నాయి. దిగితే రాళ్ళు పరిచిన గట్టు, దాని చివర నీళ్ళలోకి వాలుగా దిగే చోటు. ఒక ముసలాయన గాలం వేసుకుని కూచుని ఉన్నాడు. మమ్మల్ని చూసి టోపీ కొద్దిగా ఎత్తి మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాడు. ఆ ఊళ్ళో నేను చూసిన మర్యాదస్తుడు ఆయనొక్కడే.

దక్షిణం వైపు తిరిగి చెయ్యాలని పుస్తకంలో ఉంది. దక్షిణం ఎటో తెలియదు. "సూర్యుడు ఎడంచేతి పక్కన ఉండేలా నిలబడమ్మా" అన్నాను. నిలబడింది. ఎదురుగా నది వచ్చింది. చెప్పులు విప్పింది, సాక్సులు విప్పి పక్కన పెట్టింది. చెంబు ముంచింది. దర్భ ఉంగరంలా చుట్టి వేలికి పెట్టుకుంది. నువ్వులు చేతిలో పోసుకుంది.

"తరవాత?"

"జంధ్యం ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి మార్చుకోవాలి అని ఉంది" అన్నాను. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. మా అమ్మ ఒక్క క్షణం ఆగి, ఎడమ భుజం మీద ఉన్న పైటకొంగు తీసి కుడి భుజం మీదుగా వేసుకుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మా అమ్మ ఎవరో కొత్త మనిషిలా కనిపించింది.

సరిగ్గా అప్పుడే ఊరు చూపించే పడవ ఒకటి వచ్చింది. దాని నిండా జనం. ఒకడు వేలు పెట్టి చూపించాడు, పదిమంది కెమెరాలెత్తారు. వాళ్ళ టిక్కుల జాబితాలో మా అమ్మని కూడా ఎక్కించుకున్నారన్నమాట. నేను చేతులు రెండూ చాపి ఆవిడకి అడ్డంగా నిలబడి, "పోండి! ఏం చూస్తారు? మీ ఇళ్ళల్లో ఎవరూ చావరా?" అని బాపట్ల బజారంతా వినబడేలా అరిచాను. వాళ్ళకి తెలుగు రాదు. కొందరు చెయ్యి ఊపారు. గాలం ముసలాయన వాళ్ళ వైపు తిరిగి ఏదో అన్నాడు, అది ఫ్రెంచిలో తిట్టే అయ్యుండాలి.

పడవ పోయింది. నీళ్ళు కుదుటపడ్డాయి.

"చదువు" అంది మా అమ్మ.

చదివాను. ఏ దేశంలో, ఏ నది ఒడ్డున, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి. పెన్సిలుతో రాసిన సేన్ నది పేరు కూడా చదివాను. నేను ఒక్కో ముక్కా చదువుతుంటే ఆవిడ ఒక్కో ముక్కా అంది. చెంబు ఎడంచేత్తో ఎత్తి కుడి అరచేతిలోకి వంచబోతుండగా నేను తరవాతి ముక్క చదివాను. "అస్మత్ మాతామహం..."

"ఆగు" అంది.

ఆగాను.

"మాతామహుడంటే అమ్మకి నాన్న. అది మీ అన్నయ్య అనాల్సిన మాట. నాకాయన మాతామహుడెలా అవుతాడు?"

పురోహితుడు అన్నయ్య కోసం రాసిన పుస్తకం అది. అందులో మా అమ్మ అనడానికి మాటే లేదు. పేజీలు తిప్పాను. ఎక్కడా లేదు.

"మరి ఏమని చదవను?"

"నాన్న అని చదువు."

"సంస్కృతంలో ఎలా..."

"ఎందుకే సంస్కృతం? మా నాన్న ఊళ్ళో మగపిల్లలందరికీ అది నేర్పాడు, నాకు ఒక్క ముక్క చెప్పలేదు. నాతో తెలుగే మాట్లాడేవాడు" అంది. నేనింక చదవలేదు. పుస్తకం మూసేశాను.

మా అమ్మ నది వైపు తిరిగి, "నాన్నా, నేను. నీళ్ళు తాగు" అని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నువ్వులూ నీళ్ళూ వదిలింది. మళ్ళీ చెంబు ముంచింది. "తాగు నాన్నా." మూడోసారి ముంచింది. మూడోసారి ఏమీ అనలేదు, చెయ్యి మాత్రం వంచింది. నల్లటి గింజలు నీళ్ళ మీద కాస్త దూరం కనిపించి కలిసిపోయాయి. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు.

ఆవిడ ఏడుస్తుందని నేను దగ్గరికి వెళ్ళాను. ఏడవలేదు. ఖాళీ చెంబు పట్టుకుని, తడి చేతి వంక చూసుకుంటూ నిలబడింది. మొహం ఎర్రగా అయింది. అంత కోపం మా అమ్మ మొహంలో నేనెప్పుడూ చూడలేదు, తరవాతా చూడలేదు.

"ఇంతేనా!" అంది. "ఇంతేనటే! దీనికా నన్ను ఎనిమిదేళ్ళు గుమ్మం అవతల నిలబెట్టారు!"